పాఠం 17: కెర్నెల్‌లో దోషాన్ని పట్టుకొనే ఏర్పాట్లు

17.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కెర్నెల్‌లోని దోషానికీ మామూలు ప్రోగ్రాములోని దోషానికీ గల తేడాను వివరించగలుగుతారు. ప్రాసెసర్ ఒక ఆదేశం దగ్గర ఆగేటట్లు చేయటం ఎలా సాధ్యమవుతుందో అంచెలవారీగా చెప్పగలుగుతారు. కంప్యూటర్ కూలిపోయినప్పుడు తెరపై కనిపించే వరుసలలో ఏది ముందు చదవాలో గుర్తించగలుగుతారు. ఈ ఏర్పాట్లే ఒక్కొక్కప్పుడు ఎందుకు ప్రమాదకరమవుతాయో కూడ తెలుసుకొంటారు.

17.1 పరిచయం

2024 జూలై 19, శుక్రవారం. ఉదయం సుమారు 9 గంటల 39 నిమిషాలకు (మన కాలమానం ప్రకారం) క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలును ప్రపంచమంతటా పంపింది. 78 నిమిషాలలో దానిని వెనక్కి తీసుకొంది. ఆ లోపలే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. మీలో కొందరికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది.

కారణం చాలా చిన్నది. ఒక చోట 21 విలువలు ఉంటాయని ప్రోగ్రాము అనుకొంది. అందినవి 20 మాత్రమే. 21వ విలువ కోసం వరుస దాటి చదివింది. అక్కడ ఉన్నది పనికిరాని సంఖ్య. దానిని చిరునామాగా భావించి, ఆ చిరునామాకు వెళ్ళబోయింది.

ఇదే తప్పు మీరు రాసిన జీతాల లెక్క ప్రోగ్రాములో జరిగితే ఏమయ్యేది? ఆ ప్రోగ్రాము ఒక్కటే ఆగిపోయేది. పక్కనే నడుస్తున్న ఇతర పనులకు ఏమీ అయ్యేది కాదు. కాని ఈ తప్పు జరిగింది కెర్నెల్ లోపల. అందుకే యంత్రమంతా ఆగింది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టంలో నడిబొడ్డు భాగమని 12వ పాఠంలో చదివారు. మెమరీని పంచటం, డిస్కును చదవటం, ఏ ప్రోగ్రాముకు ఎంతసేపు ప్రాసెసర్ ఇవ్వాలో నిర్ణయించటం దాని పనులు. ఇంటెల్ ప్రాసెసర్లలో అది 0వ అంతస్తు అధికారంతో నడుస్తుంది. మన ప్రోగ్రాములు 3వ అంతస్తులో నడుస్తాయి. మన ప్రోగ్రాము హద్దు దాటితే కెర్నెల్ పట్టుకొంటుంది. కెర్నెలే హద్దు దాటితే? కంచే చేను మేసినప్పుడు కాపలాకు మరొకరు మిగలరు. ఈ పాఠమంతా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది.

17.2 చెప్పించి వినటం

దోషాన్ని వెతకటానికి అన్నిటికంటె పాత పద్ధతి, ఇప్పటికీ అందరూ వాడేది, ప్రోగ్రాము చేత మాట్లాడించటం. "ఇక్కడికి వచ్చాను, ఈ విలువ ఇంత" అని అచ్చువేయించటం. లినక్స్ కెర్నెల్‌లో ఈ పని చేసే భాగం పేరు ప్రింట్‌కే. సందేశాల తీవ్రతకు 0 నుండి 7 వరకు మెట్లు ఉంటాయి. 0 అంటే యంత్రం వాడుకకు వీలులేని స్థితి. 7 అంటే దోషం వెతికేవారికి మాత్రమే పనికివచ్చే మాట. సందేశాలు ముందు మెమరీలో ఒక గుండ్రటి నిల్వలో చేరతాయి. నిల్వ నిండితే పాతవి చెరిగి కొత్తవి వస్తాయి. "డీమెసేజ్" అనే ఆదేశంతో మీరు వాటిని చూడవచ్చు.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. దీనిని లెక్క వేసి చూద్దాం. కెర్నెల్ పని చేసేవారు తరచుగా సందేశాలను సీరియల్ తీగ ద్వారా మరొక యంత్రానికి పంపుతారు. దాని వేగం సాధారణంగా సెకనుకు 1,15,200 బిట్లు. ఒక అక్షరానికి మొదలు, చివర గుర్తులతో కలిపి 10 బిట్లు పడతాయి. అంటే సెకనుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల ఒక వరుస పంపటానికి సుమారు 7 మిల్లీసెకన్లు. మనకు అది కనురెప్ప వేసేపాటి కాలం కూడ కాదు. కాని సెకనుకు 100 కోట్ల తాళాలు కొట్టే ప్రాసెసర్‌కు ఆ కాలంలో 70 లక్షల తాళాలు గడిచిపోతాయి.

దీని ఫలితమేమిటి? రెండు పనులు ఒకదానిని ఒకటి తొక్కుకొనటం వలన వచ్చే దోషం ఉన్నదనుకొందాం. మధ్యలో మీరు ఒక అచ్చు వరుస చేర్చగానే ఒక పని 7 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. తొక్కుకొనటం జరగదు. దోషం మాయమవుతుంది. వరుస తీసివేయగానే మళ్ళీ వస్తుంది. ఈ రంగంలో కొత్తగా చేరినవారు దీనితో రోజుల తరబడి తికమకపడతారు. దోషం పోయిందని సంతోషించి ఇంటికి వెళ్ళినవారూ ఉన్నారు. అచ్చు వరుస చేర్చగా మాయమైన దోషం కాలానికి సంబంధించినదని అనుమానించటం మంచిది.

17.3 ఆపి చూడటం

మాట్లాడించటం కాక, ప్రాసెసర్‌ను మనకు కావలసిన ఆదేశం దగ్గర నిలబెట్టి, దాని రిజిస్టర్లను తీరికగా చూడటం రెండవ పద్ధతి. ఆపే చోటును బ్రేక్‌పాయింట్ అంటారు. దీని లోపలి పని చాలా ముచ్చటైనది. నెమ్మదిగా చదవండి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొంటే ఇంకా మంచిది.

ఇంటెల్ 1978లో విడుదల చేసిన 8086 ప్రాసెసర్ నాటి నుండి ఒక ప్రత్యేకమైన ఆదేశం ఉంది. దాని పేరు ఇంట్ 3. మెమరీలో అది ఒకే ఒక బైటు; విలువ 204. ప్రాసెసర్ ఈ బైటును నడిపితే చేస్తున్న పని ఆపి, 3వ సంఖ్య గల మినహాయింపును లేవనెత్తి, కెర్నెల్ ముందుగా చెప్పి ఉంచిన చోటికి వెళుతుంది.

ఒకే బైటు ఎందుకు? ఇంటెల్ ఆదేశాలన్నీ ఒకే పొడవు ఉండవు. అతి చిన్నది ఒక బైటు. ఆపే ఆదేశం రెండు బైట్లు అయితే, ఒక బైటు ఆదేశం మీద దానిని రాసినప్పుడు పక్క ఆదేశపు మొదటి బైటు కూడ చెడిపోతుంది. మరొక చోటి నుండి ప్రోగ్రాము సరిగ్గా ఆ పక్క ఆదేశానికే దూకితే గల్లంతే.

ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణ తీసుకొందాం. 32 బిట్ల ఇంటెల్ ప్రోగ్రాములలో చాలా ఫంక్షన్లు ఈ విధంగా మొదలవుతాయి. చిరునామా 1000 అనుకొందాం.

1000లో: 85 (ఒక బైటు. పాత ఆధార విలువను స్టాక్ మీద పెట్టు)
1001లో: 137, 229 (రెండు బైట్లు. స్టాక్ చిరునామాను ఆధార రిజిస్టర్‌లో రాయి)
1003లో: 131, 236, 8 (మూడు బైట్లు. స్టాక్‌లో 8 బైట్ల చోటు కేటాయించు)

మనం 1001 దగ్గర ఆపాలి. డీబగ్గర్ మొదట 1001లో ఉన్న 137ను తన దగ్గర దాచుకొంటుంది. దాని స్థానంలో 204 రాస్తుంది. ప్రోగ్రాము నడుస్తుంది. 1001కి రాగానే ప్రాసెసర్‌కు 204 కనిపిస్తుంది. మినహాయింపు 3 లేస్తుంది. అంతా ఆగింది. మీరు రిజిస్టర్లు చూశారు, మెమరీ చూశారు. ఇక కొనసాగించాలి.

ఇక్కడే మెలిక ఉంది. ప్రాసెసర్ ఒక బైటు ఆదేశాన్ని పూర్తి చేసింది కనుక దాని "తరువాతి ఆదేశం" రిజిస్టర్‌లో ఇప్పుడు 1002 ఉంటుంది. అక్కడి నుండే కొనసాగిస్తే ఏమవుతుంది? 1002లో ఉన్నది 229. ఇది ఆదేశంలో రెండవ సగం. కాని ప్రాసెసర్‌కు ఆ సంగతి తెలియదు. ఒక ఆదేశపు మొదటి బైటుగా 229కి "బయటి పోర్టు నుండి చదువు" అని అర్థం; ఆ వెనుకనున్న 131ను పోర్టు సంఖ్యగా తీసుకొంటుంది. స్టాక్ సరిచేయవలసిన ప్రోగ్రాము ఏదో పరికరాన్ని చదవటం మొదలుపెడుతుంది! కెర్నెల్ అధికారంతో నడిచే చోట ఇది ఎంత ప్రమాదమో ఊహించండి. మన ప్రోగ్రాముకైతే పోర్టుల దగ్గరికి సాధారణంగా ప్రవేశం ఉండదు. కెర్నెల్‌ను అడ్డుకొనేవారు లేరు.

కనుక డీబగ్గర్ ముందుగా ఆ రిజిస్టర్‌ను 1002 నుండి 1001కి తగ్గిస్తుంది. దాచుకొన్న 137ను తిరిగి 1001లో రాస్తుంది. ఇక వదిలేయవచ్చా? వదిలేస్తే ప్రోగ్రాము ముందుకు పోతుంది గాని, మన బ్రేక్‌పాయింట్ చెరిగిపోయింది; రెండవసారి ఇదే దారిన వస్తే ఆగదు. అందుకు ప్రాసెసర్‌లో మరొక సౌకర్యం ఉంది. జెండాల రిజిస్టర్‌లో 8వ బిట్‌ను ట్రాప్ జెండా అంటారు. అది ఎత్తి ఉంటే ప్రాసెసర్ ఒక్క ఆదేశం మాత్రమే నడిపి మళ్ళీ ఆగుతుంది. ఈసారి 1వ సంఖ్య మినహాయింపుతో. డీబగ్గర్ ఈ జెండా ఎత్తి వదులుతుంది. 1001లోని రెండు బైట్ల అసలు ఆదేశం నడుస్తుంది. రిజిస్టర్‌లో 1003 వస్తుంది. ప్రాసెసర్ ఆగుతుంది. డీబగ్గర్ 1001లో మళ్ళీ 204 రాసి, జెండా దించి, అప్పుడు వదిలేస్తుంది.

ఇంత తతంగం మీ డీబగ్గర్‌లో "కొనసాగించు" అనే ఒక్క మీట వెనుక జరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

(అ) పై ఉదాహరణలో 1003 దగ్గర బ్రేక్‌పాయింట్ పెడితే ఏ బైటును దాచుకోవాలి? ఆగిన వెంటనే "తరువాతి ఆదేశం" రిజిస్టర్‌లో ఏ విలువ ఉంటుంది?
(ఆ) రెండు ప్రాసెసర్లు ఉన్న యంత్రంలో, మొదటి ప్రాసెసర్ కోసం 137ను తిరిగి రాసిన క్షణంలో రెండవ ప్రాసెసర్ అదే దారిన వస్తే ఏమవుతుంది?

రెండవ ప్రశ్నకు జవాబు రాసిన తరువాతనే ముందుకు వెళ్ళండి. ఎందుకంటే ఈ ప్రశ్నే కెర్నెల్ రచయితలను రెండు వేరు వేరు దారులకు నడిపించింది. ఒక దారి, ఒక ప్రాసెసర్ ఆగగానే మిగిలిన ప్రాసెసర్లన్నిటినీ ఆపివేయటం. యంత్రమంతా స్తంభిస్తుంది, ఎవరూ దాటిపోరు. మీ బల్లమీది యంత్రానికి ఇది బాగానే ఉంటుంది. వందలమంది పని చేస్తున్న సర్వర్‌కు పనికిరాదు. రెండవ దారి, 204ను అసలు తీయకుండానే ఉంచి, అసలు ఆదేశం నకలును వేరొక చోట పెట్టుకొని, అక్కడ దానిని నడిపించటం. లినక్స్‌లోని కేప్రోబ్స్ ఈ దారి పట్టింది. 2004లో వచ్చిన 2.6.9 కెర్నెల్‌లో అది చేరింది. దాని అభివృద్ధిలో బెంగుళూరులోని ఐబీఎం లినక్స్ ఇంజనీర్లకు పెద్ద పాత్ర ఉంది. నడుస్తున్న యంత్రాన్ని నిలపకుండానే "ఈ ఫంక్షన్‌ను ఎవరు, ఎన్నిసార్లు పిలుస్తున్నారు" అని దీనితో తెలుసుకొనవచ్చు.

అయితే కేప్రోబ్స్‌ను అన్ని చోట్లా పెట్టకూడదు. మినహాయింపు 3ను అందుకొనే భాగంలోనే 204 పెడితే? అందుకోబోతే మినహాయింపు, దానిని అందుకోబోతే మరొకటి. అంతే లేదు. అందుచేత అటువంటి ఫంక్షన్లకు నిషిద్ధ జాబితా ఉంటుంది.

17.4 మంచె మీది కావలి

కొన్ని దోషాలలో ఎక్కడ ఆపాలో తెలియదు. మెమరీలో ఒక విలువ పాడవుతున్నదని మాత్రమే తెలుసు. పాడుచేస్తున్నది లక్షల వరుసల కెర్నెల్‌లో ఏ వరుసో తెలియదు. దొంగ ఏ దారిన వస్తాడో తెలియనప్పుడు దారులన్నీ కాయటం కంటె, చేలో మంచె వేసి పంటనే కాయటం మేలు.

1985లో వచ్చిన 80386 ప్రాసెసర్‌తో ఇంటెల్ ఇందుకు డీబగ్ రిజిస్టర్లు ఇచ్చింది. 0 నుండి 3 వరకు నాలుగు రిజిస్టర్లలో నాలుగు చిరునామాలు రాయవచ్చు. 7వ దానిలో ఒక్కొక్క చిరునామా దగ్గర దేనికి ఆగాలో, ఎన్ని బైట్లు కాయాలో రాయాలి. ఆగిన తరువాత 6వ దానిని చూస్తే ఏ కావలి కేక వేసిందో తెలుస్తుంది. 4, 5 సంఖ్యలు గలవాటికి సొంత పని లేదు. ఆ చిరునామాలో ఎవరు రాసినా, కెర్నెల్ రాసినా డ్రైవర్ రాసినా, ప్రాసెసర్ మినహాయింపు 1 లేవనెత్తుతుంది. వేగం తగ్గదు, మెమరీలో ఏ బైటూ మార్చనక్కరలేదు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. కావలివారు నలుగురే. ఒక్కొక్కరు 32 బిట్ల యంత్రంలో 4 బైట్లు, 64 బిట్ల యంత్రంలో 8 బైట్లకు మించి కాయలేరు. పెద్ద పట్టికనంతా కాయాలంటే ఇది చాలదు. రెండవది, రాతకు పెట్టిన కావలి రాత జరిగిన తరువాత కేక వేస్తుంది. కనుక తెరమీద కనిపించే ఆదేశం నేరస్థుడు కాదు, దాని ముందరిది. ఇది మరచి నిర్దోషిని తిట్టినవారు చాలామంది.

17.5 యంత్రం చివరి మాట

పై పద్ధతులన్నీ మీరు యంత్రం దగ్గర కూర్చుని ఉన్నప్పుడు. రాత్రి రెండు గంటలకు బ్యాంకులో సర్వర్ కూలిపోతే అక్కడ ఎవరూ ఉండరు. అది చివరిగా ఏమి చెప్పిందో అదే ఆధారం.

లినక్స్‌లో ఈ చివరి మాటకు ఊప్స్ అని పేరు. ఇంగ్లీషులో చేయి జారినప్పుడు అనే మాట అది. కింద ఒక ఊహించిన ఉదాహరణ ఇస్తున్నాము. తెరమీద ఇది ఇంగ్లీషులో ఉంటుంది; సంఖ్యలు పదహారు ఆధారంగా గల లెక్కలో ఉంటాయి.

బగ్: కెర్నెల్ నల్ పాయింటర్ డీరెఫరెన్స్, అడ్రస్: 0000000000000018
ఆర్‌ఐపీ: 0010: ప్రింటర్_రైట్ + 32 / 90
కాల్ ట్రేస్:
వీఎఫ్‌ఎస్_రైట్
కేసిస్_రైట్
డూ_సిస్‌కాల్_64

మొదటి వరుస చూడండి. కెర్నెల్ వెళ్ళబోయిన చిరునామా 18. పదహారు లెక్కలో 18 అంటే మన లెక్కలో 24. ఇంత చిన్న చిరునామా ఎందుకు వచ్చింది? ఒక పట్టిక ఉండవలసిన చోట ఏమీ లేదు, అంటే దాని చిరునామా సున్నా. ప్రోగ్రాము ఆ పట్టికలో 24వ బైటు దగ్గర మొదలయ్యే గడిని అడిగింది. 0కి 24 కలిపితే 24. కనుక మీరు మూల ప్రోగ్రాములో "24వ బైటు దగ్గర గడి ఉన్న పట్టిక ఏది?" అని వెతికితే చాలు. ఒక్క సంఖ్య నుండి ఇంత తెలిసింది. చిరునామా చాలా చిన్నదైతే సాధారణంగా ఖాళీ పట్టిక; చిత్రవిచిత్రమైన పెద్ద సంఖ్య అయితే మెమరీని మరెవరో పాడుచేసి ఉండవచ్చు.

రెండవ వరుసలో ప్రాసెసర్ ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. ప్రింటర్_రైట్ అనే ఫంక్షన్ పొడవు 90, అంటే 144 బైట్లు. అందులో మొదలు నుండి 32, అంటే 50వ బైటు దగ్గర తప్పు జరిగింది. ముందున్న 0010లో చివరి రెండు బిట్లు అధికారపు అంతస్తును చెబుతాయి. ఇక్కడ అవి సున్నా. కనుక కెర్నెల్ తానే తప్పు చేసింది. ఈ రెండు బిట్లను గుర్తు పెట్టుకోండి, 17.7లో వీటితో మళ్ళీ పని ఉంది.

కాల్ ట్రేస్‌ను కింది నుండి పైకి చదవాలి. ఒక ప్రోగ్రాము కెర్నెల్‌ను పిలిచింది, రాయమని అడిగింది, ఆ కోరిక చివరికి ప్రింటర్ డ్రైవర్‌కు చేరింది. ఏదైనా పేరు ముందు ప్రశ్నార్థకం ఉంటే దానిని పూర్తిగా నమ్మవద్దు. స్టాక్‌లో మిగిలిపోయిన పాత విలువ అయి ఉండవచ్చు.

ఊప్స్ వచ్చినంత మాత్రాన లినక్స్ తప్పనిసరిగా ఆగదు. తప్పు చేస్తున్న పనిని చంపి ముందుకు సాగటానికి ప్రయత్నిస్తుంది. అంతరాయాన్ని అందుకొనే భాగంలోనే తప్పు జరిగితే మాత్రం పానిక్ అని ప్రకటించి పూర్తిగా ఆగుతుంది. ఏది మంచిది? చూడటానికి సాగిపోవటమే మేలనిపిస్తుంది. కాని ఒకసారి తప్పు చేసిన కెర్నెల్ మెమరీలో ఇంకేమి పాడుచేసిందో ఎవరికి తెలుసు? ఆ పాడైన మెమరీని అది డిస్కు మీద రాస్తే, ఖాతాదారు నిల్వ తప్పుగా భద్రపరచబడుతుంది. ఆగిన యంత్రాన్ని పది నిమిషాలలో లేపవచ్చు. తప్పుగా రాసిన లెక్కను ఎప్పుడు కనుగొంటారో చెప్పలేము. అందుకే డబ్బు, మందులు, టిక్కెట్ల లెక్కలున్న యంత్రాలలో ఊప్స్ వస్తే వెంటనే ఆగిపొమ్మని అమర్చుకొనటమే సరైనదని మా అభిప్రాయం. 2024లో విండోస్ నీలి తెరను అందరూ తిట్టుకొన్నారు. ఆ తెర తప్పుకు కారణం కాదు. తప్పు మరింత పాకకుండా వేసిన అడ్డుకట్ట.

ఆగిన తరువాత మెమరీ నకలును దాచటం మరొక పని. దీనిని డంప్ అంటారు. కూలిన కెర్నెల్ తన డిస్కు డ్రైవర్‌ను తానే నమ్మలేదు కదా. మరి ఎవరు రాయాలి? 2005లో లినక్స్ 2.6.13తో వచ్చిన కేడంప్ దీనికి చక్కటి ఉపాయం చెప్పింది. దీనిని రూపొందించినవారిలోనూ ఐబీఎం భారత శాఖ ఇంజనీర్లు ఉన్నారు. యంత్రం మొదలయ్యేటప్పుడే మెమరీలో కొంత భాగాన్ని వేరుచేసి, అందులో రెండవ కెర్నెల్‌ను నిద్రపుచ్చి ఉంచుతారు. మొదటిది కూలగానే ప్రాసెసర్ నేరుగా రెండవదానిలోకి దూకుతుంది. ఆ రెండవ కెర్నెల్ ఆరోగ్యంగా ఉంది, దాని మెమరీని ఎవరూ ముట్టలేదు. అది మొదటిదాని మెమరీనంతా ఒక ఫైలులాగ చదివి డిస్కుకు రాస్తుంది. తరువాత యంత్రం మామూలుగా మొదలవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

(అ) ఒక ఊప్స్‌లో చిరునామా 0000000000000030 అని ఉంది. పట్టికలో ఎన్నవ బైటు దగ్గరి గడిని అడిగారు?
(ఆ) కేడంప్‌లో రెండవ కెర్నెల్‌కు మెమరీని యంత్రం కూలిన తరువాత కాక, మొదట్లోనే ఎందుకు కేటాయిస్తారు?

17.6 రెండు యంత్రాలు, ఒక వివాదం

కెర్నెల్‌ను బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపితే ఆ యంత్రంలో కీబోర్డు, తెర, డిస్కు అన్నీ ఆగుతాయి. వాటిని నడిపేది కెర్నెలే కనుక. మరి మీరు డీబగ్గర్‌తో మాట్లాడేది ఎలా? మరొక యంత్రం నుండి. పరీక్షలో ఉన్న యంత్రంలో ఒక చిన్న ప్రతినిధి భాగం మాత్రం ఉంటుంది. అది సీరియల్ పోర్టును మాటిమాటికి తానే తడిమి చూస్తూ, వచ్చిన కోరికకు జవాబు పంపుతుంది. "ఈ చిరునామాలో ఏముంది?", "ఇక్కడ 204 రాయి", "కొనసాగించు": కోరికలు ఇంతే. ప్రతి కోరిక చివర అక్షరాల విలువలన్నీ కలిపి, 256తో భాగించగా మిగిలిన శేషం పంపుతారు. తీగలో ఏదైనా చెడితే పట్టుబడుతుంది.

లినక్స్‌లో ఈ ఏర్పాటు పేరు కేజీడీబీ. అది చాలాకాలం కెర్నెల్ బయటే ఉండిపోయింది. 2000లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెర్నెల్‌లో డీబగ్గర్ చేర్చటానికి ససేమిరా అన్నారు. డీబగ్గర్ చేతిలో ఉంటే మనుషులు లక్షణానికి మందు వేసి ఊరుకొంటారని, అది లేకపోతే మూల ప్రోగ్రామును చదివి, ఆలోచించి, జాగ్రత్తగా రాస్తారని ఆయన వాదన. చివరకు 2008లో 2.6.26 కెర్నెల్‌లో కేజీడీబీ చేరింది. ఒకే యంత్రం మీద పనిచేసే కేడీబీ 2010లో 2.6.35లో చేరింది. ఆయన వాదనలో సగం నిజం ఉందని ఈ పని చేసినవారు ఒప్పుకొంటారు. ఆపి చూసినంత మాత్రాన అర్థం కాదు. కాని ఇతరులు రాసిన డ్రైవర్‌తో తలపడవలసినవాడికి, కొత్త పరికరం ముందు కూర్చున్నవాడికి చూసే కన్ను కూడ కావాలి.

కెర్నెల్ ఏమీ చెప్పకుండా బిగుసుకుపోయే సందర్భాలూ ఉంటాయి. అంతరాయాలను మూసివేసి ఒక చోటే తిరుగుతుంటే కీబోర్డు నొక్కినా వినదు. మూయటానికి వీలులేని ఒక అంతరాయం ప్రాసెసర్‌లో ఉంది. దానిని కొంతకాలానికొకసారి రప్పించి, "నిన్నటికీ నేటికీ కదిలావా?" అని అడిగే కావలి లినక్స్‌లో ఉంది, మామూలు అమరికలో 10 సెకన్లు కదలకపోతే కేక వేస్తుంది.

చేసి చూడండి: మీకు రెండు యంత్రాలు లేకపోయినా బెంగలేదు. క్యూఎము అనే ఉచిత ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లోనే మరొక ఊహాయంత్రాన్ని సృష్టిస్తుంది. అందులో చిన్న లినక్స్‌ను మొదలుపెట్టండి. క్యూఎము 1234 సంఖ్య గల పోర్టు మీద డీబగ్గర్ కోసం ఎదురుచూడగలదు. జీడీబీని దానికి కలపండి. చిరునామాలను కలగాపులగం చేసే భద్రతా ఏర్పాటును మొదట్లోనే ఆపివేయకపోతే మీ బ్రేక్‌పాయింట్లు ఎక్కడా తగలవు. తరువాత ఊహాయంత్రంలో ఆల్ట్, సిస్‌రిక్వెస్ట్, సి మీటలు కలిపి నొక్కితే కెర్నెల్ కావాలని కూలిపోతుంది. వచ్చిన వరుసలను 17.5లో చెప్పిన విధంగా చదవండి. ఈ మూడు మీటలను పనిలో ఉన్న ఏ యంత్రం మీదా, ఆఫీసులో గాని దుకాణంలో గాని, నొక్కరాదు.

17.7 కావలివాడే తలుపు తీసినప్పుడు

ఇప్పటివరకు మనకు తోడ్పడిన డీబగ్ మినహాయింపే 2018లో విండోస్, మాక్ ఓఎస్, లినక్స్, ఫ్రీబీఎస్‌డీలన్నిటినీ ఒకేసారి ఇబ్బంది పెట్టింది. ఆ సంవత్సరం మే 8న ఈ సంగతి బయటపెట్టారు.

ఇంటెల్ ప్రాసెసర్‌లో స్టాక్‌ను మార్చటానికి రెండు ఆదేశాలు కావాలి. మొదటిది స్టాక్ విభాగాన్ని, రెండవది అందులోని చోటును మారుస్తుంది. రెంటి మధ్య అంతరాయం వస్తే సగం మారిన స్టాక్ మీద కెర్నెల్ రాయవలసి వస్తుంది. అందుకని మొదటి ఆదేశం తరువాత ఒక ఆదేశం పూర్తయ్యే వరకు ప్రాసెసర్ అంతరాయాలను ఆపి ఉంచుతుంది. డీబగ్ మినహాయింపును కూడ.

ఇప్పుడు ఒక దుర్బుద్ధి గల ప్రోగ్రామును ఊహించండి. అది స్టాక్ విభాగపు విలువ ఉన్న మెమరీ మీద కావలి పెట్టుకొంటుంది. తన మెమరీ మీద కావలి పెట్టుకొనే హక్కు ప్రతి ప్రోగ్రాముకు ఉంది. తరువాత ఆ విలువను చదివి స్టాక్ విభాగాన్ని మారుస్తుంది. కావలి కేక వేయాలి. కాని ప్రాసెసర్ దానిని ఒక ఆదేశం పాటు వాయిదా వేసింది. ఆ ఒక్క ఆదేశం కెర్నెల్‌ను పిలిచేదైతే? ప్రాసెసర్ 0వ అంతస్తులోకి వచ్చేసింది. కెర్నెల్ తన మొదటి ఆదేశం కూడ నడపకముందే వాయిదాపడిన కేక వినిపిస్తుంది. కెర్నెల్ 17.5లో చెప్పిన ఆ రెండు బిట్లను చూస్తుంది. సున్నా. "ఓహో, నేను ముందు నుంచీ నా ఇంట్లోనే ఉన్నాను" అనుకొంటుంది. నిజానికి అప్పుడే గుమ్మం దాటింది. తన సొంత సామాను ఎక్కడుందో చెప్పే రిజిస్టర్‌లో ఇంకా బయటి ప్రోగ్రాము పెట్టిన విలువే ఉంది. ఆ విలువను నమ్మి అడుగు వేస్తే యంత్రం కూలవచ్చు, లేదా కొన్ని ఆపరేటింగ్ సిస్టంలలో బయటివాడికి కెర్నెల్ అధికారమే దక్కవచ్చు.

ప్రాసెసర్‌లో తప్పు లేదు. ఈ వాయిదా సంగతి ఇంటెల్ పుస్తకాలలో రాసే ఉంది. దాని పర్యవసానం ఇంత దూరం పోతుందని అన్ని కెర్నెళ్ళ రచయితలూ ఒకే విధంగా గ్రహించలేకపోయారు. డీబగ్ మినహాయింపు ఎక్కడ నుంచైనా, కెర్నెల్ గుమ్మం మీద నుంచైనా రావచ్చునని భావించి అందుకొనే భాగాన్ని తిరగరాశారు.

పాఠాంత ప్రశ్నలు

1. బ్రేక్‌పాయింట్ నుండి కొనసాగించటంలోని అంచెలను 1003 చిరునామా ఉదాహరణతో రాయండి.
2. ఒక ఆసుపత్రి మందుల లెక్కల యంత్రంలో ఊప్స్ వచ్చినా సాగిపోయేటట్లు అమర్చి ఉంది. దీనిని మార్చమని అధికారికి ఒక పేజీ ఉత్తరం రాయండి. మీ కారణాలు అధికారికి అర్థమయ్యే మాటలలో ఉండాలి.
3. అచ్చు వరుస చేర్చగానే దోషం మాయమైంది. మీరు తరువాత ఏ పద్ధతి వాడతారు? ఎందుకు?

పరీక్షించుకోండి: జవాబులు

1. (అ) దాచుకొనవలసినది 131. ఆగిన వెంటనే రిజిస్టర్‌లో 1004 ఉంటుంది. (ఆ) రెండవ ప్రాసెసర్‌కు 204 కనిపించదు, అసలు ఆదేశమే కనిపిస్తుంది; ఆగకుండా దాటిపోతుంది.

2. (అ) పదహారు లెక్కలో 30 అంటే 48. కనుక 48వ బైటు దగ్గరి గడి. (ఆ) కూలిన కెర్నెల్ మెమరీ పంపకాన్ని నమ్మలేము. అప్పుడు అడిగితే వేరొకరు వాడుతున్న చోటునే ఇవ్వవచ్చు. మనకు కావలసిన సాక్ష్యం మీదనే రెండవ కెర్నెల్ రాసివేసే ప్రమాదం ఉంది.